కొండ ఎక్కకండి, కొండ వెంబడి తొక్కండి

(నెల్లూరులో సైకిలు తొక్కేవాళ్లంతా ఒక ఆదివారం కలిసినప్పుడు, రిటైరైన భూగోళం మాస్టారు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? వినపడుతోందా అమ్మా? సరే, సంతోషం.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే, "సార్, మన చుట్టుపక్కల కొండదారులేమున్నాయో, ఎంత దూరమో, ఎంత ఎత్తో ఒక జాబితా చదివేయండి చాలు" అన్నారు. జాబితా చదవను. ముందే చెప్తున్నా. అది మీ జేబులోనే ఉంది. ఫోను తెరిస్తే దూరం చెప్తుంది, ఎత్తు చెప్తుంది, ఎన్ని గంటలకు చేరతారో కూడా చెప్తుంది. ఆ రోడ్డు మీద ఆ రోజు ఎవరు కందికట్టె పరిచారో చెప్తుందా? బోరు నీళ్లు తాగే నీళ్లా కాదా చెప్తుందా? చెప్పదు. మన జిల్లాల్లో సైకిలువాణ్ణి మధ్యలో దింపేసేవి అవే. కొండ కాదు. మన కొండలు మరీ అంత పెద్దవేం కావు, నిజం చెప్పాలంటే.

నేను చెప్పదలుచుకుంది ఒక్కటే. కొండ ఎక్కాలని పోకండి. కొండ వెంబడి పోండి. ఎందుకో చెప్తా.

మ్యాపు ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. వెలిగొండలు ఉత్తరం నుంచి దక్షిణానికి బారుగా పడి ఉంటాయి. అవతల కడప సీమ, ఇవతల మనం. పెన్న ఆ వరసను చీల్చుకుని మన వైపు వచ్చేది సోమశిల దగ్గర. అక్కడ డ్యామ్ ఎందుకు కట్టారంటే అందుకే, కొండే రెండు వైపులా గోడ కట్టి పెట్టింది. 78 టీఎంసీలు పడతాయి అందులో. ఇంకా ఉత్తరానికి, కంభం గిద్దలూరు వైపు పోతే ఒక వరస కాదు, రెండు వరసలు. పడమట నల్లమల, తూర్పున వెలిగొండ, మధ్యలో లోయ. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మార్చినా ఈ గీతలు మారవు కదా, అందుకని నేను జిల్లా పేర్లతో చెప్పను, కొండ పేర్లతో చెప్తా.

ఇప్పుడు గాలి సంగతి. మన దగ్గర గాలి ఎటు నుంచి ఎటు వీస్తుంది? తూర్పు పడమరలే కదా ఎక్కువ. జూన్, జూలైల్లో పడమటి గాలి. వడగాలి తగ్గింది అనుకునేలోపు అది మొదలవుతుంది, పొద్దున ఎనిమిదికే చెవుల్లో హోరు. నెల్లూరు నుంచి ఆత్మకూరు పోదామని ఆ నెలల్లో బయల్దేరిన వాళ్లున్నారా ఇక్కడ? చెయ్యెత్తండి. ఊఁ, ఉన్నారు. సంగం దాటేసరికి ఏమైందో నేను చెప్పక్కర్లేదు. రోడ్డు చదునుగానే ఉంటుంది, కాళ్లు మాత్రం ఘాట్ ఎక్కుతున్నట్టే. మార్చి, ఏప్రిల్‌లో ఇంకో రకం. పొద్దున హాయిగా పడమరకు పోతాం, మధ్యాహ్నం తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు సముద్రపు గాలి ఎదురు. మనిషి అలిసిపోయినప్పుడే ఎదురుగాలి, అది దాని పద్ధతి.

కొండ ఉత్తర దక్షిణాలుగా ఉంది, గాలి తూర్పు పడమరలుగా వీస్తోంది. కొండ వెంబడి తొక్కితే గాలి పక్క నుంచి తగులుతుంది. ఎదురు తగలదు. పక్కగాలి కూడా ఇబ్బందే, లారీ దాటినప్పుడు సైకిలు ఊగుతుంది, కాదనను. ఎదురుగాలితో పోలిస్తే మాత్రం వెయ్యి రెట్లు నయం.

ఇంకోటి. కొండకు తూర్పు పక్కన ఉన్న ఊళ్లలో సాయంత్రం ముందే వస్తుంది. సూర్యుడు కొండ వెనక్కి దిగగానే నీడ పొలాల మీదికి పాకుతూ రోడ్డు దాకా వచ్చేస్తుంది. నెల్లూరులో ట్రంకు రోడ్డు మీద ఇంకా ఎండ మాడుస్తుంటుంది, అక్కడ కొండ మొదట్లో చల్లబడి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం తొక్కక తప్పని వాళ్లకు ఇది ఎంత ఉపకారమో తొక్కినవాడికే తెలుసు.

అడ్డంగా కొండకేసి పోవలసి వస్తే ఏం చెయ్యాలి? గాలి ఎటుంటే అటు ఒక వైపే తొక్కండి. జూలైలో అయితే సైకిళ్లు బండిలో వేసుకుని ఉదయగిరి పోండి, అక్కణ్ణుంచి దుత్తలూరు, వింజమూరు, కలిగిరి మీదుగా కావలికి దిగండి. గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. డిసెంబరులో తిరగేయండి. కావలి నుంచి ఎక్కండి. ఒక వైపే తొక్కడం నామోషీ అనుకునేవాళ్లు కొందరున్నారు. ఎందుకయ్యా నామోషీ? తిరుపతి నడిచి ఎక్కినవాళ్లు బస్సులో దిగడం లేదా?

ఉదయగిరి అన్నాను కదా. నాకు మన జిల్లాలో అన్నిటికన్నా ఇష్టమైన దారి అదే, కాస్త ఎక్కువసేపు చెప్తే ఓర్చుకోండి.

ఉదయగిరి కోట కొండ 3,079 అడుగులు. గజపతుల చేతుల్లో ఉండేది. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేస్తే 1514లో గానీ లొంగలేదు. రాయలంతటివాడికి ఏడాదిన్నర పట్టిన కొండను ఆదివారం ఒక పూటలో ఎక్కేద్దామని మనకెందుకు చెప్పండి? కింద నుంచి దణ్ణం పెట్టుకుని పోదాం. ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చేస్తారు, భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది. ఒక చెంచా కొనుక్కుంటే జెర్సీ వెనక జేబులో పడుతుంది, ఇంట్లో వాళ్లకు ఎక్కడికి పోయామో సాక్ష్యం కూడా ఉంటుంది.

అక్కణ్ణుంచి సీతారామపురం వైపు రోడ్డు పట్టండి. ముప్పై కిలోమీటర్ల లోపే. ఎడమ చేతి వైపు వెలిగొండ మనతోపాటే వస్తుంటుంది, ఒక్కోచోట దగ్గరికి, ఒక్కోచోట దూరంగా. రోడ్డు కొంచెం లేస్తుంది, కొంచెం దిగుతుంది, మళ్లీ లేస్తుంది. వంద మీటర్లు పోతే రెండు మూడు మీటర్లు లేచే రకం. ఊపిరి ఆడని ఎత్తు ఎక్కడా లేదు. మాట్లాడుకుంటూ తొక్కొచ్చు. నిజానికి నా కొలత అదే, పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అది మంచి దారి. సీతారామపురం దగ్గర ఘటిక సిద్ధేశ్వరం ఉంది, కొండ ఒడిలో గుడి. మీరు శివరాత్రి నాడు మాత్రం ఈ దారి పట్టకండి, బస్సుల వెనక పొగ తాగడమే అవుతుంది.

ఇంకా ఉత్తరానికి పోతే సీఎస్ పురం మండలంలో భైరవకోన. ఒకే కొండ రాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పైన జలపాతం. వానలు పడ్డాక పోతే నీళ్లుంటాయి, ఏప్రిల్‌లో పోతే రాయి ఉంటుంది. రెండూ బాగుంటాయి, ఏది కావాలో మీ ఇష్టం. సైకిలు బూట్లతో ఆ తడిరాళ్ల మీద నడవకండి, కింద పెడలుకు తగులుకునే ఇనుప ముక్కలుంటాయి కదా, ఆ క్లీట్లతో రాయి మీద అడుగేస్తే ఏమవుతుందో చూడాల్సిన పని లేదు. చెప్పులు ఒక జత సంచిలో పెట్టుకోండి.

అక్కణ్ణుంచి తూర్పుకు తిరిగితే పామూరు, ఆ పైన కందుకూరు వైపు దారిలో మాలకొండ. ఇక్కడ తెలియాల్సిన సంగతేంటంటే మాలకొండ నరసింహస్వామికి దర్శనం శనివారమే. శనివారం మాత్రమే. కాబట్టి శనివారం ఆ రోడ్డు ఒక తిరనాళ, ఆటోలు, ట్రాక్టర్లు, కార్లు. ఆదివారం పొద్దున అదే రోడ్డు మీద మనం, మన నీడ, అంతే. మ్యాపులో ఈ రెండు రోజులకూ తేడా కనపడదు.

ఇప్పుడు రోడ్డు మీద ఏముంటుందో చెప్పుకుందాం. నవ్వకండి, ఇది పెద్ద విషయం.

కళ్లాలు చేసుకునే రోజులు పోయాయి. ఇప్పుడు రోడ్డే కళ్లం. కంది కోసి తెచ్చి కట్టెతో సహా తారు మీద పరుస్తారు, మినుము పరుస్తారు, ఉలవ పరుస్తారు. లారీలు, బస్సులు తొక్కితే గింజ రాలుతుంది. బస్సుకు ఏమీ కాదు. మనకో? కందికట్టె ఒకటి లేచి వెనక చక్రం పక్కన గేరు మార్చే డిరైలర్ ఉంటుంది చూశారా, ఆ చిన్న పళ్ల చక్రాల మధ్య దూరుతుంది. మీకు టకటకమని చప్పుడు వినపడుతుంది. చాలామంది ఏం చేస్తారు? ఇంకా గట్టిగా తొక్కుతారు, అదే ఊడిపోతుందిలే అని. చైను ఆ కట్టెను లోపలికి లాగుతుంది, డిరైలర్ మెలి తిరిగి చువ్వల్లోకి పోతుంది, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ పుటుక్కుమంటుంది. అయిపోయింది. ఉదయగిరిలో దొరకదు అది, నెల్లూరులోనే అన్ని రకాలూ దొరకవు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం. అందుకని మీ సైకిలుకు సరిపోయే హ్యాంగర్ ఒకటి ఇప్పుడే కొని సీటు సంచిలో వేసుకోండి. వేలెడంత ముక్క, బరువేం ఉండదు. కట్టె కనపడగానే దిగండి. దిగి ఎత్తుకుని నడవండి. పదడుగులు. నామోషీ లేదు.

వడ్లు ఆరబోసిన చోట అయితే చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రిళ్లు పైన నల్ల పట్టా కప్పుతారు. తారూ నలుపే, పట్టా నలుపే, అంచున బరువు కోసం పెట్టిన రాయి కూడా కనపడదు. పల్లె రోడ్డు మీద చీకటి పడ్డాక తొక్కొద్దని నేను చెప్పడానికి అదొక్కటి చాలు. మనవాళ్లలో బ్రెవేలు, అంటే గడువు పెట్టుకుని తొక్కే దూరపు సవారీలు, చేసేవాళ్లున్నారు, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, 600 అయితే నలభై గంటలు, రాత్రి తొక్కక తప్పదు. వాళ్లు పెద్ద రోడ్లు ఎంచుకుంటారు, అది సరైన పనే. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు.

చిల్లచెట్టు, అదే సర్కారు తుమ్మ, దాని ముల్లు గురించి మీకు నేను చెప్పాలా? మేకల కోసం కొమ్మలు నరుకుతారు, కంచెకు కంప లాక్కుపోతారు, దారి పొడుగునా రాలుతుంది. తారు అంచు దిగి మట్టిలోకి పోతే పల్లేరు కాయలు. కాబట్టి అంచు దిగకండి. దిగినా మళ్లీ ఎక్కేటప్పుడు ఆగి, టైరు మీద చెయ్యేసి తుడుచుకోండి, ముల్లు లోపలికి దిగేది అప్పుడే కాదు, ఇంకో పది తిప్పులకు. ఇంకో మాట. పల్లెలో పంచరు షాపు ఉంటుంది, ఆయన పని బాగానే చేస్తాడు, కానీ మీ రేసు సైకిలుకు సన్న వాల్వు ఉంటుంది కదా, ఆయన దగ్గర గాలి మిషను మూతి దానికి పట్టదు. ఇత్తడి అడాప్టరు అని చిన్న మరలాంటిది ఉంటుంది. అది లేకపోతే గాలి పక్కనే ఉండి కూడా మీకు గాలి లేదు.

వాగుల మీద చప్టాలు. వాన వెలిశాక నీళ్లు పల్చగా పారుతుంటే ముచ్చటేసి దూకించేస్తారు కుర్రాళ్లు. కింద పాచి ఉంటుంది. చప్టా మీద మలుపు తిప్పకూడదు, బ్రేకు పట్టకూడదు, తిన్నగా పోవాలి. చీలమండ పైకి నీళ్లుంటే అసలు దిగనే కూడదు. 2021 నవంబరులో పెన్న ఏం చేసిందో చూశాం కదా, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినే కోసేసింది. చప్టా ఎంత దానికి?

గొర్రెలు ఎదురైతే బెల్లు కొట్టకండి. మన నెల్లూరు గొర్రె పొడుగు కాళ్లది, బెదిరితే ఎటు దూకుతుందో దానికే తెలియదు. ఆగితే మంద మీ రెండు పక్కల నుంచీ నీళ్లలా పోతుంది. సీతారామపురం దారిలో మందతో ఎదురైన పెద్దాయన ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "యాడి నుంచి సామీ? మీ ఊరికి బస్సు తీసేసినారా?" అన్నాడు. లేదు పెద్దాయనా, సరదాకి అన్నాను. "సరదానా?" అని ఇంకోసారి అడిగాడు. నమ్మలేదు.

నీళ్ల సంగతికి వస్తా. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మనకు ఒక రోజు తాగితే ఏమీ కాదు, భయపడొద్దు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకలు, పళ్లు పాడయ్యాయి. నేను చెప్పేది మన ఆరోగ్యం గురించి కాదు. అక్కడ చాలా ఇళ్లలో తాగే నీళ్లు క్యాన్లతో కొనుక్కుంటారు. మనం ముగ్గురం నలుగురం ఇంటి ముందు ఆగి "అమ్మా, కొంచెం నీళ్లు" అంటే ఎవరూ కాదనరు, సీసాలు అంచుల దాకా నింపి పంపిస్తారు. అది కొన్న నీళ్లు. గుర్తుపెట్టుకోండి. ఊళ్లో నీళ్ల ప్లాంటు ఎక్కడుందో అడిగి అక్కడ నింపుకోండి. ముప్పావు లీటరు సీసాలు రెండు ఉండాలి, ఎండలో గంటకొకటి చొప్పున అయిపోతుంది. మధ్యలో మజ్జిగ దొరికితే ఉప్పేసి తాగండి, దాన్ని మించిన పొడి ఏ డబ్బాలోనూ లేదు.

ఇక కంభం లోయ. దీనికి ఒక సుఖం ఉంది, గుంటూరు నంద్యాల రైలు మార్గం ఆ లోయలోనే పోతుంది. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, అన్నీ స్టేషన్లే. కాళ్లు సహకరించకపోతే రైలెక్కొచ్చు. కంభం చెరువు చూడని వాళ్లు ముందు అది చూడండి. గుండ్లకమ్మ రెండు కొండల మధ్య సందులోంచి పోతుంటే ఆ సందును మట్టికట్టతో మూసేశారు, 57 అడుగుల ఎత్తు కట్ట, విజయనగర కాలం నాటిది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చారు. సిమెంటు లేదు, క్రేను లేదు. ఆ చెరువు చూసి గిద్దలూరుకు జాతీయ రహదారి మీదే పోతే లారీలే లారీలు, దాని మీద నాకు ఇష్టం లేదు. లోపలి దారులున్నాయి, అర్ధవీడు వైపు, రాచర్ల వైపు, నల్లమల మొదట్లో. అవి పట్టండి. తారు అక్కడక్కడ లేచిపోయి ఉంటుంది, 32 మిల్లీమీటర్ల టైరు అయితే మంచిది, 25 అయితే వెన్ను తెలుస్తుంది.

మార్కాపురం వైపు వెలిగొండ ప్రాజెక్టు సంగతి మీకు తెలుసు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల, ఆ మూడు సందులనూ ఆనకట్టలతో మూశారు. లోపల నల్లమలసాగర్ జలాశయం నిండితే ఆ లోయ ఊళ్లు మునుగుతాయి. ఊళ్లతోపాటు దారులు కూడా. తొక్కాలనుకున్నవాళ్లు ముందే తొక్కండి. అయితే ఒక మనవి. ఇల్లూ పొలమూ వదిలి పోవాల్సిన వాళ్లు అరుగు మీద కూర్చుని ఉంటే, వాళ్ల ముందు సైకిలు ఎత్తి పట్టుకుని ఫొటోలు దిగకండి. ఆగితే కాసేపు కూర్చుని మాట్లాడండి. లేకపోతే ఆగకుండా పోండి.

సరే, ఇంత చెప్పినా మీలో కొందరికి కొండ ఎక్కాల్సిందే. కళ్లల్లో కనపడుతూనే ఉంది. ఎక్కండి, రాపూరు ఘాట్ ఎక్కండి. రాపూరు నుంచి చిట్వేలి పోయే దారి. పొదలకూరు దాటాక నిమ్మతోటల మధ్య పోతారు, ఆ తర్వాత అడవి. ముందు 34, వెనక 32 పళ్లు వేసుకుంటే తొక్కుడుకు రెండు మీటర్ల పైచిలుకు కదులుతుంది సైకిలు, నిమిషానికి అరవై తొక్కుళ్లు అంటే గంటకు ఎనిమిది కిలోమీటర్లు. అంతే చాలు. అంతకన్నా వేగం ఎవరడిగారు? దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. బ్రేకు నొక్కి పట్టుకుని దిగకండి, రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వదిలి, తిప్పి, మళ్లీ పట్టాలి. బస్సువాడు మలుపులో మీ వైపు వస్తాడు, వస్తాడనే అనుకోండి. కోతులకు బిస్కెట్లు వెయ్యొద్దు, ఈ రోజు మీరు వేస్తే రేపొచ్చినవాడి సంచి పోతుంది.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ తొక్కొచ్చా అని ఇందాక బయట ఒక తమ్ముడు అడిగాడు. అది పులుల అభయారణ్యం. రాత్రి గేట్లు మూసేది ఊరికే కాదు. నా మటుకు నేను పోను, నా వెంట వచ్చేవాళ్లను పోనివ్వను. పులి సంగతి అటుంచు, అది దాని ఇల్లు.

ఏదో అడుగుతున్నారు, చెప్పమ్మా. ఏ సైకిలు కొనాలి? నీ దగ్గర ఇప్పుడేముంది? గేర్ల సైకిలేగా? అయితే ఏమీ కొనకు. వెనక క్యాసెట్, అంటే ఆ పళ్ల చక్రాల గుత్తి, పెద్దది వేయించుకో, టైర్లు కాస్త లావు పెట్టించుకో, ఆ మిగిలిన డబ్బుతో మంచి లైటు కొనుక్కో. సందేహమైతే నరసింహకొండ దగ్గర చూసుకో, ఊరికి దగ్గర, చిన్న ఘాట్, కాళ్లకు పరీక్ష అక్కడే అయిపోతుంది. వచ్చే ఆదివారం మేం అటే పోతున్నాం, జొన్నవాడ దారిలో. పొద్దున ఐదున్నరకు బయల్దేరతాం. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేనివాళ్లను నేను వెంట తీసుకుపోను, ఎవరి పిల్లలైనా సరే.